మూడు రంగుల డయల్

నా ఎడమ చేతికి ఇప్పుడున్నది జెనిత్ కంపెనీ తయారు చేసిన క్రోనోమాస్టర్ ఒరిజినల్ అనే స్టీలు క్రోనోగ్రాఫ్, అంటే లోపల స్టాప్ వాచీ కూడా ఉన్న చేతి వాచీ. ఇది 2021లో వెలువడిన నమూనా, కానీ దీని రూపం 1969 నాటిది. ఆ సంవత్సరం ఇదే కంపెనీ తెచ్చిన ఏ386 అనే వాచీని ముందు పెట్టుకొని, కేసు వంపులను, 38 మిల్లీమీటర్ల వెడల్పును, తెల్లని డయల్ మీద ఒకదాని అంచు మరొకదాని మీదికి కొద్దిగా ఎక్కిన మూడు చిన్న డయళ్ళను, వాటి లేత బూడిద, నీలం, ముదురు బూడిద రంగులను దాదాపు ఉన్నవి ఉన్నట్టుగా మళ్ళీ మలిచారు. పాత రూపంలో కొత్త వాచీలు చేయడం ఈ రోజుల్లో స్విట్జర్లాండులో పెద్ద వ్యాపారం. అలా వచ్చినవాటిలో చాలా వాచీలు నా మనసుకు పట్టలేదు. ఇది మాత్రం పట్టింది. పాత వాచీలో ప్రతి గీతకూ ప్రతి వంపుకూ ఒక పని ఉండేది. ఆ పనిని కూడా వెంట తెచ్చుకున్న కొత్త వాచీయే పాత రూపానికి అర్హమైనదని నా అభిప్రాయం, ఆ అభిప్రాయానికి ఆధారాలేమిటో ఇక్కడ రాస్తాను.

నేను నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. ఉద్యోగంలో ఎక్కువ కాలం గోదావరి మధ్య డెల్టా కాలువల మీద గడిచింది. కాలువలో ఎంత నీరు పోతున్నదో తెలుసుకోవడానికి మాకున్న అతి సులువైన పద్ధతి ఫ్లోట్ పద్ధతి. వంకర లేని చోట గట్టు వెంట ముప్పై మీటర్ల దూరం కొలిచి రెండు కొయ్యలు పాతి, పై కొయ్యకు కొంచెం ఎగువన ఒక చెక్క ముక్కను నీటిలో వేసి, అది మొదటి కొయ్యను దాటగానే స్టాప్ వాచీ నొక్కి, రెండో కొయ్య దగ్గర, కాలువ మీద పనిచేసే లస్కరు చెయ్యి ఎత్తగానే ఆపేవాళ్ళం. నలభై సెకన్లు పట్టిందంటే పైనీటి వేగం సెకనుకు 0.75 మీటరు, అడుగున నీరు నెమ్మదిగా పోతుంది కనుక దానిని 0.85తో గుణిస్తే సగటు వేగం వస్తుంది. నీరున్న మేర కాలువ అడ్డుకోత ముప్పై చదరపు మీటర్లయితే ప్రవాహం సెకనుకు సుమారు 19 ఘనపు మీటర్లు, అంటే 675 క్యూసెక్కులు. ఇప్పుడు బొటనవేలు అర సెకను తడబడిందనుకోండి, లెక్కలో ఎనిమిది క్యూసెక్కులకు పైగా తేడా వస్తుంది. కాగితం మీద అది చిన్న అంకెగా కనబడుతుంది గాని, శివారు భూముల రైతుకు అది ఒక పిల్ల కాలువలో నీరు ఉండడానికీ లేకపోవడానికీ మధ్య ఉన్న తేడా. అందుకే మేము ఒక్క ఫ్లోటుతో తృప్తిపడకుండా కాలువ మధ్యలోనూ రెండు అంచులలోనూ వేరువేరుగా వేసి సగటు తీసేవాళ్ళం.

ఆ పని వల్ల నాకు ఒక విషయం ఒంటబట్టింది. ఇప్పుడు గంట ఎంతైందన్నది ఒక ప్రశ్న, ఒక పనికి ఎంతసేపు పట్టిందన్నది మరొక ప్రశ్న. గోడ గడియారం మొదటిదానికే జవాబు చెబుతుంది, స్టాప్ వాచీ రెండోదానికే చెబుతుంది. ఈ రెండింటినీ ఒకే కేసులో, ఒకే స్ప్రింగు బలం మీద, ఒకదాని నడకకు మరొకటి అడ్డు రాకుండా నడిపించడం ఎంత కష్టమో వాచీ లోపలి భాగాన్ని భూతద్దంలో చూసినవారికి తెలుస్తుంది. క్రోనోగ్రాఫ్ మీద నాకు కలిగిన గౌరవం అక్కడ మొదలైంది. డయల్ అందం తరువాతి మాట.

ఈ యంత్రం చరిత్ర రెండు వందల ఏళ్ళది. 1816లో లూయీ మొయినే అనే ఫ్రెంచి గడియారాల నిపుణుడు నక్షత్రాలను గమనించే పనికోసం సెకనులో అరవయ్యో వంతును కొలిచే యంత్రాన్ని పూర్తి చేశాడు. 1821లో నికొలా రియుసెక్ పారిస్‌లో గుర్రప్పందేలకు తన యంత్రాన్ని పట్టుకెళ్ళాడు. అందులో తిరిగే డయల్ మీద ఒక్కో గుర్రం గీత దాటినప్పుడల్లా సిరా చుక్క పడేది. ఇవి రెండూ గొప్పవే. అయితే చేతి వాచీలో క్రోనోగ్రాఫ్ సాధ్యం కావడానికి అసలు కారణమైన భాగం వీటి తరువాత వచ్చింది, దాని గురించి కొంచెం నెమ్మదిగా చెప్పాలి.

స్టాప్ వాచీ ముల్లు డయల్ మీద ఎక్కడైనా ఆగవచ్చు. దానిని ఒక్క నొక్కుతో సరిగ్గా సున్నా దగ్గరికి తేవడం ఎలా? వెనక్కి తిప్పాలా, ముందుకు తిప్పాలా, ఎంత తిప్పాలి అన్నది ప్రతిసారీ మారుతుంది. 1844లో అడాల్ఫ్ నికోల్ పేటెంటు పొందిన పరిష్కారం ఇప్పటికీ మారలేదు. ముల్లు ఇరుసుకు రావి ఆకు ఆకారంలో, కామ్ అనే ఒక చిన్న లోహపు బిళ్ళ బిగిస్తారు. సున్నా బటన్ నొక్కగానే ఒక సుత్తి వచ్చి ఆ కామ్ అంచును గట్టిగా తాకుతుంది. ఆకు ఏ కోణంలో ఉన్నా దాని వంపు వెంట సుత్తి జారి, ఇరుసుకు అతి దగ్గరగా ఉన్న నొక్కులో కూర్చుంటుంది, ఆ జారుడులోనే కామ్ తిరిగి, దానితో పాటు ముల్లు సున్నాకు చేరుతుంది. సగం కన్నా తక్కువ దూరం పోయిన ముల్లు వెనక్కి వస్తుంది, ఎక్కువ పోయినది ముందుకు పోయి చేరుతుంది. లెక్క వేసేది ఆకారమే. ఇంజినీరుగా నేను చూసిన పరిష్కారాలలో ఇంత పొదుపైనవి చాలా తక్కువ. 1862 నాటికి ఈ పద్ధతితో మొదలు పెట్టడం, ఆపడం, సున్నా చేయడం మూడూ చేసే జేబు గడియారాలు వచ్చాయి. 1913లో లాంజీన్ చేతి వాచీ కోసమే ఒక క్రోనోగ్రాఫ్ యంత్రాన్ని తయారు చేసింది. 1934లో బ్రైట్‌లింగ్ రెండో బటన్ చేర్చడంతో, పైబటన్‌తో నడపడం, ఆపడం, కింది బటన్‌తో సున్నా చేయడం అనే ఇప్పటి పద్ధతి స్థిరపడింది. రెండు బటన్ల వల్ల మరొక లాభం ఉంది: మధ్యలో ఆపి, సున్నాకు పోకుండా అక్కడి నుంచే మళ్ళీ నడపవచ్చు.

ఇక 1969. అంతవరకు క్రోనోగ్రాఫ్‌లన్నీ రోజూ కీ ఇవ్వవలసినవే. చేతి కదలికతోనే తనంతట తాను కీ తీసుకొనే, అంటే ఆటోమేటిక్, క్రోనోగ్రాఫ్ ఎవరు ముందు చేస్తారన్న పోటీ ఆ ఏడాది మూడు చోట్ల ఫలించింది. జనవరి 10న జెనిత్ తన ఎల్ ప్రిమేరో యంత్రాన్ని ప్రకటించింది; ఏ386లో ఉన్నది ఇదే. మార్చి 3న బ్రైట్‌లింగ్, హోయర్, హామిల్టన్ కంపెనీలు, డ్యుబ్వా దెప్రాజ్ అనే యంత్రాల తయారీ కంపెనీతో కలిసి చేసిన కాలిబర్ 11 అనే యంత్రాన్ని బయటపెట్టాయి. మే నెలలో జపాన్‌లో సైకో 6139 అమ్మకానికి వచ్చింది. ఎవరు మొదటన్న వాదం అభిమానుల మధ్య నేటికీ తెగలేదు. ప్రకటనను బట్టి ఒకరు, అమ్మకాన్ని బట్టి మరొకరు గెలుస్తారు. నా దృష్టిలో ఆ వాదం కంటే, జెనిత్ ఎంచుకున్న దారి ముఖ్యం. మిగతావారు గంటకు 36,000 సార్లు కొట్టుకొనే యంత్రాన్ని క్రోనోగ్రాఫ్‌లో పెట్టలేదు, జెనిత్ పెట్టింది. గంటకు 36,000 అంటే సెకనుకు సరిగ్గా పది. సెకనును పది సమాన భాగాలుగా కొలవగల చేతి వాచీ అలా పుట్టింది.

అదే ఏడాది డిసెంబరు 25న సైకో కంపెనీ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. బ్యాటరీతో నడిచే వాచీ అతి తక్కువ ఖర్చుతో అతి ఖచ్చితమైన కాలాన్ని చూపడం మొదలుపెట్టాక, స్ప్రింగు వాచీల మీద బతికిన స్విస్ పట్టణాలు కొన్నేళ్ళలోనే కుదేలయ్యాయి. జెనిత్ అప్పటికి అమెరికాలోని షికాగోకు చెందిన జెనిత్ అనే రేడియో కంపెనీ చేతిలో ఉంది. పేరు కలవడం తప్ప ఆ రెండింటికీ పూర్వ సంబంధం లేదు. 1975లో ఆ యజమానులు స్ప్రింగు యంత్రాల తయారీ ఆపివేయాలని, వాటి అచ్చులు, పరికరాలు తుక్కు కింద అమ్మివేయాలని ఆదేశించారు. స్విట్జర్లాండులోని లె లోక్ల్ పట్టణపు ఫ్యాక్టరీలో షార్ల్ వెర్మో అనే ఫోర్‌మన్ పనిచేస్తుండేవాడు. ఎల్ ప్రిమేరో తయారీ ఆయన చేతుల మీదుగా సాగినదే. వద్దని పైవారికి చెప్పి చూశాడు, వారు వినలేదు. అప్పుడు ఆయన పని వేళలు ముగిశాక కామ్‌లను, కత్తిరింపు పనిముట్లను, అచ్చులను ఒక్కొక్కటిగా ఫ్యాక్టరీ అటక మీదికి చేరవేసి, ఏది దేనికి ఉపయోగపడుతుందో, ఏ వరుసలో వాడాలో పుస్తకంలో రాసి దాచాడు. తరువాత కంపెనీ మళ్ళీ స్విస్ యజమానుల చేతికి వచ్చింది, 1984లో ఎల్ ప్రిమేరో తయారీ తిరిగి మొదలైంది. మొదలు పెట్టగలిగింది ఆ అటక మీది సామాను వల్లనే. 1988లో రోలెక్స్ తన డేటోనా క్రోనోగ్రాఫ్‌కు మొదటిసారి ఆటోమేటిక్ యంత్రం కావాలనుకున్నప్పుడు ఎంచుకున్నది ఈ ఎల్ ప్రిమేరోనే. గంటకు 28,800కు వేగం తగ్గించి, ఎన్నో భాగాలు మార్చి, 2000 వరకు వాడుకుంది.

ఈ కథను నేను చాలాసార్లు చదివాను, ప్రతిసారీ నన్ను కదిలించేది ఆ పుస్తకం. సామాను దాచడానికి ధైర్యం చాలు. ఏ పనిముట్టు ఏ భాగానికో, రేపు తాను లేకపోయినా మరొకడు చదివి అర్థం చేసుకొనేలా రాయడానికి ఓపిక, పని మీద భక్తి కావాలి. మా శాఖలో పాత లాకుల గేట్లకు కొలతలు రాసి పెట్టిన రిజిస్టర్లు ఉండేవి. వాటిని రాసినవారు ఎప్పుడో పోయారు, ఆ కొలతలను బట్టి మేము గేట్లు మార్చాము. వెర్మో చేసిన పని విలువ నాకు అలా సొంత అనుభవంగా తెలుసు.

ఇప్పుడు నా వాచీ డయల్ దగ్గరికి వస్తాను. మూడు చిన్న డయళ్ళకు మూడు రంగులెందుకు? అందం కోసమని చాలామంది అనుకుంటారు. నిజానికి పరుగులో చూపు పడగానే ఏది ఏదో తెలియడానికి రంగు కన్నా త్వరగా పనిచేసే గుర్తు లేదు. తొమ్మిది దగ్గర ఉన్న లేత బూడిద రంగు డయల్ వాచీ నడుస్తున్నట్టు చూపే సెకన్లది. మూడు దగ్గరి నీలం రంగుది, ఆరు దగ్గరి ముదురు బూడిద రంగుది క్రోనోగ్రాఫ్‌వి. పాత ఏ386లో మూడు దగ్గర ముప్పై నిమిషాల లెక్క, ఆరు దగ్గర పన్నెండు గంటల లెక్క ఉండేవి. నా వాచీలో మూడు దగ్గర అరవై సెకన్లు, ఆరు దగ్గర అరవై నిమిషాలు లెక్క పెడతాయి. మధ్యనున్న పొడవాటి ముల్లు పది సెకన్లకొకసారి డయల్ అంతా చుట్టి వస్తుంది, అందువల్ల డయల్ అంచున సెకనులో పదో వంతును సూటిగా చదువుకోవచ్చు.

ఇది చిన్న మార్పు కాదు. 1969లో యంత్రం సెకనుకు పది సార్లు కొట్టుకున్నా, మధ్య ముల్లు మామూలుగానే అరవై సెకన్లకొకసారి తిరిగేది కనుక ఆ పదో వంతులు కంటికి చిక్కనంత సన్నగా ఉండేవి. యాభై ఏళ్ళ తరువాత ఆ యంత్రంలో ఉన్న శక్తి డయల్ మీదికి పూర్తిగా వచ్చింది. దీనికోసం పాత డయల్ అంచునున్న వేగం లెక్కించే టాకీమీటర్ కొలతను తీసివేశారు. పాత రూపాన్ని అచ్చు గుద్దాలనే పట్టుదల ఉంటే ఆ కొలతను అక్కడే ఉంచేవారు, పది సెకన్లకు తిరిగే ముల్లుతో అది ఎందుకూ పనికిరాకపోయేది. తీసివేయడం సరైన నిర్ణయమని నేను భావిస్తున్నాను.

నాలుగుకూ ఐదుకూ మధ్య ఏటవాలుగా ఉన్న తేదీ కిటికీ చాలామందికి నచ్చదు. నాకు మొదట్లో అలవాటు పడలేదు, ఇప్పుడు దాని చోటు అదే అనిపిస్తుంది. మూడు చిన్న డయళ్ళు మూడు, ఆరు, తొమ్మిది దగ్గర చోటు ఆక్రమించాక తేదీ కనబడడానికి మిగిలిన ఖాళీ అదే, 1969 వాచీలోనూ అది అక్కడే ఉంది.

రేడియం రంగు విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. పాత వాచీల ముళ్ళ మీద చీకటిలో వెలిగే పూత ఏళ్ళు గడిచేకొద్దీ తెలుపు నుంచి తేనె రంగుకు మారుతుంది. కొన్ని కంపెనీలు కొత్త వాచీకి మొదటి రోజే ఆ తేనె రంగు పూత వేసి అమ్ముతున్నాయి. కాలం చేయవలసిన పనిని ఫ్యాక్టరీలో చేయడం నాకు నచ్చదు. ఒక ముసలి వాచీ రంగు మారిందంటే దాని వెనుక ఎవరో ఒకరి ముప్పై నలభై ఏళ్ళ జీవితం ఉంది, ఆ గౌరవం దానిది. కొత్త వాచీ తన వయసులో తానుండాలి. పాత ఏ386కు ప్లాస్టిక్ అద్దం ఉండేది, గీతలు త్వరగా పడేవి. దానికి బదులుగా నా వాచీకి అదే వంపుతో నీలమణి గాజు అద్దం బిగించారు. ఇటువంటి మార్పులు పాతదాని ఉద్దేశాన్ని నెరవేర్చేవి, వాటిని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను.

వెనుక వైపు కూడా గాజు మూతే కనుక యంత్రం కనబడుతుంది. అందులో నేను ముందు వెతికేది కాలమ్ వీల్, నీలం రంగులో ఉంటుంది. దీని మీద నిలువుగా చిన్న స్తంభాలు వరుసగా ఉంటాయి. బటన్ నొక్కిన ప్రతిసారీ చక్రం ఒక మెట్టు తిరుగుతుంది, చుట్టూ ఉన్న లీవర్లలో ఒకదాని ముక్కు స్తంభం మీదికి ఎక్కుతుంది, మరొకదానిది రెండు స్తంభాల నడుమ ఖాళీలోకి పడుతుంది. ఆ ఎక్కడం పడడంతోనే క్రోనోగ్రాఫ్ చక్రాలు ప్రధాన యంత్రానికి తగులుకుంటాయి లేదా విడిపోతాయి. చక్రాన్ని చెక్కడం ఖరీదైన పని. 1970లలో వచ్చిన వాల్జూ 7750 వంటి యంత్రాలు అచ్చులో కత్తిరించిన పలుచటి కామ్‌తో అదే పని చేస్తాయి. అవి దృఢమైనవి, బాగుచేయడం తేలిక, వాటిని తక్కువ చేయవలసిన కారణం ఏమీ లేదు. కాని బటన్ మీద వేలికి తెలిసే తేడా ఉంది. కాలమ్ వీల్ ఉన్న వాచీలో బటన్ మొదటి నుంచి చివరి వరకు ఒకే బరువుతో లోనికి పోయి, ఎక్కడ తెగిందో స్పష్టంగా చెబుతుంది. ఫ్లోట్ కొయ్య దాటిన క్షణం కన్ను చూసి వేలికి చెప్పేటప్పుడు, బటన్ ఎంత దూరం పోతే ముల్లు కదులుతుందో వేలికి ముందే తెలిసి ఉండాలి. విలాసం అనే మాటకు వాచీ విషయంలో నాకు తెలిసిన నిజమైన అర్థం ఈ స్పష్టతే.

నా పెళ్ళిలో మామగారు పెట్టిన హెచ్.ఎం.టి. జనతా వాచీ ఇప్పటికీ నా బీరువాలో నడిచే స్థితిలో ఉంది. మన జిల్లాల్లో ఒక తరం అల్లుళ్ళందరూ దాదాపు ఆ కంపెనీ వాచీలతోనే సంసారాలు మొదలు పెట్టారు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో మొదలైన ఆ ఫ్యాక్టరీ దేశానికంతటికీ కాలం చెప్పింది. జనతా గంటకు 18,000 సార్లు, రోజుకు 4,32,000 సార్లు కొట్టుకుంటుంది. ఎల్ ప్రిమేరో దానికి రెట్టింపు, రోజుకు 8,64,000 సార్లు. రెండింటినీ చెవి దగ్గర పెట్టుకుంటే జనతా దెబ్బలను విడివిడిగా వినవచ్చు, ఎల్ ప్రిమేరోది ఎడతెగని సన్నని చప్పుడు. అంత వేగంలో నూనె నిలవడం, పళ్ళు అరగకుండా ఉండడం పెద్ద సమస్య; అందుకే ఇప్పటి యంత్రంలో స్ప్రింగు బలాన్ని కొంచెం కొంచెంగా వదిలే ఎస్కేప్ చక్రాన్ని, దాని లీవరును సిలికాన్‌తో చేశారు. సిలికాన్ తేలిక, అయస్కాంతానికి లొంగదు. పూర్తిగా కీ ఎక్కితే వాచీ అరవై గంటలు నడుస్తుంది.

పదో వంతు సెకనుతో డెల్టాలో పనేముందని మా బావగారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. మనిషి కన్ను చూసిన దానికి వేలు కదలడానికే సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది కనుక, నా చేతిలో ఆ పదో వంతు పూర్తిగా నమ్మదగినది కాదు. అయితే మొదట నొక్కేటప్పుడూ చివర నొక్కేటప్పుడూ వేలి ఆలస్యం దాదాపు ఒకటే కనుక చాలా మటుకు అవి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఊరి హైస్కూలులో పిల్లల వంద మీటర్ల పరుగు జరిగినప్పుడు మొదటివాడికీ రెండోవాడికీ మధ్య తేడా సెకనులో మూడు నాలుగు పదో వంతులే ఉంటుంది, అక్కడ ఈ డయల్ ఒక్క చూపులో జవాబు చెబుతుంది.

నిజానికి పాత క్రోనోగ్రాఫ్‌ల మీద ఉండే కొలతలన్నీ మన ప్రాంతానికి పనికివచ్చేవే, వాటిని ఇక్కడివారు వాడి చూడాలన్నది నా కోరిక. టాకీమీటర్ ఉన్న వాచీని తీసుకొని రైలు కిటికీ పక్కన కూర్చోండి. కిలోమీటరు గుర్తు దాటగానే నొక్కి, తరువాతి కిలోమీటరు గుర్తు దగ్గర ఆపితే ముల్లు ఉన్న చోట వేగం రాసి ఉంటుంది. 45 సెకన్లకు 80, 36 సెకన్లకు 100. దాని వెనుక ఉన్నది 3,600ను సెకన్లతో భాగించడమే. రైలు గంటకు అరవై కిలోమీటర్ల కంటే నెమ్మదిగా పోతే ముల్లు ఒక చుట్టు దాటిపోతుంది, అప్పుడు అర కిలోమీటరు కొలిచి వచ్చిన అంకెను సగం చేసుకోవాలి. కొవ్వూరుకూ రాజమహేంద్రవరానికీ మధ్య ఆర్చీల రైలు వంతెన పొడవు సుమారు 2.74 కిలోమీటర్లు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో దానిని దాటడానికి రెండు నిమిషాల నలభై అయిదు సెకన్లు పట్టాలి. నా వాచీలో టాకీమీటర్ లేకపోయినా నిమిషాలు, సెకన్లు వేరువేరు డయళ్ళలో స్పష్టంగా ఉంటాయి కనుక ఈ లెక్క మనసులోనే వేసుకుంటాను.

టెలీమీటర్ మరీ ముఖ్యం. ఫిరంగి మెరుపు చూసి నొక్కి, మోత విని ఆపి, శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో చదువుకోవడానికి దానిని వాడేవారు. ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, మన మే నెల వేడిలో 350 దాటుతుంది. అంటే మూడు సెకన్లకు కిలోమీటరు చొప్పున లెక్క. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు పడే మబ్బు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు, అప్పుడు పొలంలో ఉన్నవారు గట్టు మీది తాడిచెట్టు కిందికి కాక పక్కా ఇంట్లోకి పోవాలి. నాట్ల కాలంలో మోకాలి లోతు నీటిలో నిలబడి పనిచేసేవారికి ఈ లెక్క ప్రాణంతో సమానం. దీనికి ఖరీదైన వాచీ అక్కరలేదు, సెకన్ల ముల్లున్న ఏ వాచీ అయినా చాలు. కానీ ఒకప్పుడు డయల్ మీద ఈ జ్ఞానాన్ని ఎర్ర గీతలుగా, నీలి గీతలుగా చెక్కి ఉంచారన్నది నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం. డాక్టర్ల కోసం చేసిన పల్సోమీటర్ కూడా ఇంతే: పదిహేను లేదా ముప్పై నాడి దెబ్బలు లెక్కపెట్టి ఆపితే నిమిషానికి ఎన్నో ముల్లు చూపిస్తుంది.

పాత రూపపు క్రోనోగ్రాఫ్‌లలో మరికొన్నింటిని కూడా నేను మెచ్చుకుంటాను. ఒమేగా కంపెనీ 1957 నుంచి చేస్తున్న స్పీడ్‌మాస్టర్‌కు మొదట వాడిన 321 యంత్రాన్ని మళ్ళీ తయారు చేసి 2020లో ఒక స్టీలు వాచీలో పెట్టింది. ఆ స్పీడ్‌మాస్టర్‌నే 1965లో నాసా అంతరిక్ష యాత్రలకు ఎంపిక చేసింది, 1970లో అపోలో 13 తిరుగు ప్రయాణంలో 14 సెకన్ల పాటు ఇంజన్ మండించవలసి వచ్చినప్పుడు ఆ సెకన్లను లెక్కపెట్టింది కూడా అదే. రోజూ కీ ఇవ్వాలి, తేదీ లేదు, అద్దం గుండ్రని ప్లాస్టిక్‌దైతే అంతకంటే మంచిది. వషెరాన్ కాన్‌స్టాంటిన్ 1955 నాటి తన వాచీకి పట్టీ తగిలించే చోట ఆవు కొమ్ముల వంటి కొసలతో 2015లో చేసిన పునఃసృష్టి చూడడానికి మహా సొగసుగా ఉంటుంది, కాని దాని ధర నేను ఆలోచించగల హద్దులో లేదు. పాత డయల్ బొమ్మను మాత్రం తెచ్చి, 44 మిల్లీమీటర్ల కేసులో పెట్టి, లోపల సన్నని యంత్రం చుట్టూ ప్లాస్టిక్ ఉంగరం బిగించిన వాచీలు నాకు రుచించవు. పాతవి 36, 38 మిల్లీమీటర్లు ఉండడానికి కారణం యంత్రం అంతే ఉండడం.

మన వాతావరణం గురించి కొనదలచినవారికి రెండు మాటలు చెప్పాలి. డెల్టాలో వేసవి చెమట, వర్షాకాలం తేమ, సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుగాలి తోలు పట్టీని ఏడాది తిరగకుండా పాడు చేస్తాయి. మార్చి నుంచి అక్టోబరు వరకు స్టీలు గొలుసు వాడి, తోలు పట్టీని చలికాలానికి ఉంచుకోవడం మేలు. యాభై మీటర్ల నీటి నిరోధం అని రాసి ఉన్నంత మాత్రాన గోదావరిలో మునకకు పనికివస్తుందని కాదు, తడి చేత్తో క్రోనోగ్రాఫ్ బటన్లు నొక్కనే కూడదు. సాయంత్రం మెత్తని పొడి గుడ్డతో బటన్ల మొదళ్ళు తుడిస్తే ఉప్పు పేరుకోదు. మిట్టమధ్యాహ్నపు ఎండలోంచి నేరుగా ఏసీ గదిలోకి వచ్చినప్పుడు అద్దం లోపలి వైపు మంచు పట్టినట్టు కనబడితే రబ్బరు వాషర్లు పోయాయని అర్థం, వెంటనే చూపించాలి. మన పట్టణాల్లో నిపుణులైన వాచీ మెకానిక్కులు ఉన్నారు, నా జనతాను ఇన్నేళ్ళు నడిపించింది వారే. కాని ఎల్ ప్రిమేరో భాగాలు బయట దొరకవు కనుక దీనిని కంపెనీ సర్వీసుకే పంపాలి, దానికి నెలలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే.

ధర సంగతి దాచవలసినది కాదు. ఇది లక్షల రూపాయల వస్తువు. పదవీ విరమణ సొమ్ములో నేను వేరుగా పెట్టుకున్నది సరిపోకపోతే మా అబ్బాయి తన వంతు కలిపాడు. ఆ డబ్బుతో బంగారం కొంటే పిల్లలకు ఉండేది కదా అని ఇంటికి వచ్చిన పెద్దలు అన్నారు. వాళ్ళ మాటలో ప్రేమ ఉంది, లెక్క కూడా ఉంది. వాచీని పెట్టుబడిగా చూడవద్దని నేనూ చెబుతాను. కొన్నది అమ్మబోతే చాలా వాచీలకు పెట్టిన సొమ్ము తిరిగి రాదు. నేను కొన్నది ప్రతి రోజూ వాడడానికి, వాడుతున్నాను.

కొనే ఆలోచన ఉన్నవారు షోరూముకు వెళ్ళినప్పుడు ముందు వెల అడగకుండా వాచీని చేతికి పెట్టించుకోండి. కేసు వెడల్పు కంటే, పట్టీ తగిలించే పై కొమ్ముల కొస నుంచి కింది కొమ్ముల కొస వరకు ఉన్న పొడవు ముఖ్యం, అది మణికట్టు దాటి బయటికి రాకూడదు. క్రోనోగ్రాఫ్ నడిపి ఒక పూర్తి నిమిషం ఆగి, చిన్న డయల్‌లో నిమిషం ముల్లు గీత మీదికి సరిగ్గా వచ్చిందో లేదో చూడండి. ఆపి, సున్నా చేసి, ముళ్ళన్నీ గీత మధ్యలో నిలబడ్డాయో లేదో భూతద్దంతో పరీక్షించండి. ఒక్క వెంట్రుక వాసి పక్కకు ఉన్నా మరొక వాచీ చూపించమనండి. సర్వీసుకు ఎంత అవుతుందో, ఎన్ని నెలలు పడుతుందో కాగితం మీద రాసి ఇమ్మని అడగండి.